ఒకే పగడం ముక్కలు రెండు రకాలుగా ఎందుకు పెరుగుతాయి?

కువైట్‌లో మీ చిన్నాన్న ఆక్రోపొరా అనే కొమ్మల రాతి పగడం ఒకదాన్ని రెండుగా విరిచి, ఒక ముక్కను అక్వేరియం ట్యాంక్ పైభాగంలో, ఇంకోదాన్ని కింద రాళ్ల మధ్య పెట్టారు. పైది గుబురుగా, కిందది పలచగా పెరిగేసరికి జబ్బేమోనని మీకు టెన్షన్ పట్టుకుంది. జబ్బు కాదండీ, చోటును బట్టి ఆకారం మారింది.

రాతి పగడం నీళ్లలోని కాల్షియం, కార్బొనేట్‌లతో అస్థిపంజరం కట్టుకుంటుంది. ఆ పనికి శక్తి ఎక్కువగా దాని కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాల (కంటికి కనిపించని నాచు) నుంచి వస్తుంది, వాటికి వెలుగు కావాలి. వెలుగు, నీటి ఒరవడి బలంగా ఉన్నచోట కొమ్మలు పొట్టిగా, లావుగా, దగ్గరదగ్గరగా వస్తాయి. తగ్గినచోట సన్నగా, ఎడంగా సాగుతాయి.

కొమ్మ కొనను దగ్గరగా చూడమనండి. నడిమధ్య చిన్న గొట్టంలో ఒక పాలిప్ (పగడంలోని చిన్న జీవి) ఉంటుంది, కొమ్మను పొడిగించేది అదే. అక్కడ శైవలాలు తక్కువ కాబట్టి కొన తెల్లగా ఉంటుంది, అది ఎదుగుదల గుర్తు. మొదలు నుంచి పైకి తెల్లబడుతుంటే మాత్రం కణజాలం చచ్చిపోతున్నట్టే. వెంటనే నీటి ఆల్కలినిటీ (క్షారత్వం), ఉష్ణోగ్రత చూడాలి. నా లెక్కలో వాటి అంకె ఎంతన్నదాని కన్నా అది మారకుండా నిలకడగా ఉండటమే ముఖ్యం.

దయచేసి మీరు కడపలో ఈ పగడాల పెంపకం మొదలుపెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాతి పగడాలకు గట్టి రక్షణ ఇచ్చింది. వెలుగు కోసం పైకి పెరిగిన ఆకారాలే చూడాలనుకుంటే, మన వేంపల్లె రాళ్లలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. అవి పగడాలు కావు, వంద కోట్ల ఏళ్లకు ముందే సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టినవి.