బుజ్జీ, మీ అమ్మకి బ్రెడ్ పుడ్డింగ్ చేసేముందు ఇది చదువు

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. వచ్చే నెల అమ్మ డల్లాస్ వస్తోంది, 60వ పుట్టినరోజుకి అమ్మమ్మ చేసే బ్రెడ్ పుడ్డింగ్ చేసి పెడదామనుకుంటున్నాను, అచ్చం అదే రుచి రావాలి పెద్దమ్మా, అని రాశావు. చెయ్యి, తప్పకుండా చెయ్యి. కానీ ఆ 'అచ్చం' అనేదాన్ని ముందు పక్కన పెట్టు. మీ అమ్మనడిగితే అందులో అరటిపండు ఉండేదంటుంది. మీ మావయ్యనడిగితే కమలాతొక్క వాసన వచ్చేదని ఒట్టేసి చెబుతాడు. నాకేమో అడుగున మాడీ మాడని పంచదార పాకమే గుర్తు. ముగ్గురం ఒకే గిన్నెలోంచి తిన్నాం, ముగ్గురం చెప్పేదీ నిజమే, ఎందుకంటే మీ అమ్మమ్మ ఏనాడూ వరసగా రెండుసార్లు దాన్ని ఒకేలా చెయ్యలేదు.

మేం పెరిగింది బిట్రగుంట రైల్వే కాలనీలోనని నీకు తెలుసు కదా. నెల్లూరు దగ్గర, విజయవాడ - గూడూరు లైను మీద, ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డు ఉన్న ఊరు. ఆ ఇంజన్లు పోయాక వెలవెలబోయిందిగానీ మా చిన్నప్పుడు రాత్రీ పగలూ ఒకటే సందడి. కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బాగానే ఉండేవి. పక్క క్వార్టర్స్ ఆంటీ దగ్గర మా అమ్మ ఈ పుడ్డింగ్ నేర్చుకుని, బదులుగా ఆవిడకి గోంగూర పచ్చడి పెట్టడం నేర్పింది (ఎవరికి ఎక్కువ లాభమో నేను చెప్పను). ఎండిపోయిన బ్రెడ్డు పారెయ్యడానికి మనసొప్పక చేసే వంటకం అది, అంతకుమించి గొప్పేం లేదు. మా నాన్న డ్యూటీ దిగి వస్తూ దారిలో ఏ స్టేషన్లో ఏ పండు చవగ్గా దొరికితే అది సంచిలో వేసుకొచ్చేవాడు. అందులో మిగిలి, కొద్దిగా నలిగి, పిల్లలం ముట్టుకోనిది ఏదుంటే అది పుడ్డింగులో పడేది.

అందుకని ముందు తేల్చుకోవాల్సింది ఏ పండు అని. మూడు జ్ఞాపకాలూ ఒకే గిన్నెలో కుక్కకు. నువ్వు చేస్తోంది మీ అమ్మ కోసం కాబట్టి అరటిపండు వెయ్యి, తోడుగా కిస్‌మిస్ వెయ్యి, చాలు.

ఇప్పుడు బ్రెడ్డు సంగతి. మెత్తటి తాజా బ్రెడ్డుతో చేస్తే పుడ్డింగు కాదు, జావ అవుతుంది. బ్రెడ్డులో ఉన్న తడి పోతేనే ఆ చోట పాలు పీల్చుకుంటుంది. అక్కడ కవర్లో దొరికే శాండ్‌విచ్ బ్రెడ్డు వారమైనా మెత్తగానే ఉంటుంది, దాని జోలికి పోకు. ఫ్రెంచ్ బ్రెడ్డో, హల్లా అనే యూదుల బ్రెడ్డో తీసుకో. హల్లాలో గుడ్డు ఉంటుంది కాబట్టి పుడ్డింగుకి ఇంకా బాగుంటుంది, కాకపోతే అది కాస్త తియ్యన, పంచదార ఒక చెంచా తగ్గించు. ఒకటిన్నర అంగుళం ముక్కలు చేసి ట్రేలో పరిచి ముందురోజు రాత్రి గుడ్డ కప్పి బయటే వదిలెయ్యి. అంత టైం లేకపోతే ఓవెన్ 300 డిగ్రీల ఫారన్‌హీట్‌లో ఓ పావుగంట పెట్టు. రంగు మారకూడదు, పైన గట్టిపడి, నొక్కితే చిటపటమనాలి.

ఎనిమిది అంగుళాల చదరపు గిన్నెకి సరిపడా లెక్క చెప్తాను, రాసుకో. బ్రెడ్డు 250 గ్రాములు, చిక్కటి పాలు 600 మిల్లీలీటర్లు అంటే నీ కప్పుతో రెండున్నర, పెద్ద గుడ్లు 4, పంచదార 80 గ్రాములు, వెన్న 40 గ్రాములు, పండ్లన్నీ కలిపి ఒకటిన్నర కప్పు. చిటికెడు ఉప్పు మర్చిపోకు, ఉప్పు లేని తీపి చప్పగా ఉంటుంది. జాజికాయ పొడి డబ్బాలోది వద్దు, కాయ కొనుక్కుని అప్పటికప్పుడు అరగదియ్యి, పావు చెంచా కూడా అక్కర్లేదు.

పాలు, గుడ్లు కలిపే దగ్గరే చాలామంది కంగారుపడతారు. పాలల్లో పంచదార వేసి వేడి చెయ్యి, మరగనివ్వకు, వేలు పెడితే చురుక్కుమంటే చాలు. గుడ్లు విడిగా ఫోర్కుతో కలుపు, నురగొచ్చేలా గిలక్కొట్టకు. తర్వాత ఆ వేడి పాలు గుడ్లలోకి సన్నటి ధారగా పొయ్యి, ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలుపుతూ. గుడ్లు తీసుకెళ్లి వేడి పాలల్లో గుమ్మరించావో, పొరటైపోతుంది. కలిపాక జల్లెడ పట్టు. ఈ పని ఎవరూ చెయ్యరుగానీ నీచు వాసన సగం ఇక్కడే పోతుంది, తెల్లసొనలో ఉండే ఆ తాళ్లలాంటివి జల్లెడలో ఉండిపోతాయి. మన ఇళ్లలో బ్రెడ్ పుడ్డింగ్ అంటే మొహం తిప్పేసేవాళ్లంతా ఆ వాసన భయంతోనే తిప్పుతారు. ఒక చెంచా వెనిల్లా, కావాలంటే కొంచెం కమలాతొక్క తురుము వెయ్యి, మీ మావయ్య కూడా సంతోషిస్తాడు. పైన నారింజ రంగు ఉన్నంతవరకే తురుము, కింద తెల్లది పడితే చేదు. రసం మాత్రం పొయ్యకు, పాలు విరుగుతాయి.

పండ్ల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, నాకు తెలిసి పుడ్డింగ్ చెడేది వీటివల్లే. పండు వేడికి నీళ్లొదులుతుంది, ఆ నీళ్లు కస్టర్డులోకి, అంటే పాలూ గుడ్లూ కలిపినదాంట్లోకి, దిగితే అది గడ్డకట్టదు. అరటిపండు అంత వదలదు, అందుకే కొత్తగా చేసేవాళ్లకి అదే మేలు. మనకిక్కడ అమృతపాణి దొరికేది, దాని వాసనే వేరు. అక్కడ అందరూ అమ్మే పెద్ద అరటిపండే తీసుకో, కాకపోతే తొక్క మీద నల్ల మచ్చలు బాగా వచ్చిందాకా ఆగు. అరంగుళం మందాన కోసి, సగం వెన్నలో ఒక చెంచా బ్రౌన్ షుగర్ వేసి, రెండు వైపులా ఒక్కో నిమిషం తిప్పి తీసెయ్యి. కిస్‌మిస్ వేడినీళ్లలో పావుగంట నానబెట్టి పిండెయ్యి, ఎండువి అలాగే వేస్తే కస్టర్డంతా అవే తాగేస్తాయి. ఆపిల్ వెయ్యాలనిపిస్తే పుల్లటిది, ఆ గ్రానీ స్మిత్ రకం తీసుకుని ముక్కలు మెత్తబడి నీరు ఇగిరేదాకా వెన్నలో మగ్గించు.

అనాస, బొప్పాయి, కివీ మాత్రం ఉడికించకుండా కోసి నేరుగా వెయ్యొద్దు. వాటిలో ఉండే ఎంజైములు పాలలో, గుడ్డులో ఉన్న ప్రొటీన్లను విరగ్గొడతాయి, కస్టర్డు పలచబడి చేదెక్కుతుంది. అనాస కావాలంటే డబ్బాలోది వాడు, డబ్బాలో పెట్టేటప్పుడే అది ఉడికి ఉంటుంది కాబట్టి బాధలేదు. సీతాఫలం గుజ్జు కలుపుదామా అని ఒకసారి అడిగావు గుర్తుందా, దానికి వేడి తగిలితే రుచి చెడుతుంది. చల్లారాక పక్కన పెట్టుకు తినాల్సిందే. టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయితో చేస్తారు కదా, మరి అదెలా అంటావేమో, దాన్ని ఉడికించి పాకంలో వేస్తారు కాబట్టి ఏం కాదు. ఇండియన్ స్టోర్లో దొరికితే గుప్పెడు పైన చల్లు, మా తరానికి ఆ ఎరుపూ పచ్చా చూస్తేనే బేకరీ గుర్తొస్తుంది.

గిన్నెకి వెన్న దండిగా రాసి, సగం బ్రెడ్డు పరిచి, దానిమీద పండ్లు, మళ్లీ బ్రెడ్డు. పండ్లన్నీ పైన పేర్చకు, మాడతాయి. కస్టర్డు మూడొంతులు పోసి అరచేత్తో మెల్లగా అదిమి, ఓ పది నిమిషాలాగి మిగతాది పొయ్యి. తర్వాత కనీసం అరగంట వదిలెయ్యి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకా మంచిది. నానడమే దీనికి అసలు వంట, ఓవెన్ పని తర్వాత. నానిందో లేదో చూడాలంటే మధ్యలోంచి ఒక ముక్క తీసి చీల్చు, లోపల తెల్లగా పొడిగా కనపడితే ఇంకా టైముంది. ఒక్క జాగ్రత్త, గాజు గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేడి ఓవెన్‌లో పెడితే పగిలిపోవచ్చు. అరగంట ముందే బయటపెట్టు.

ఓవెన్ 325 ఫారన్‌హీట్ పెట్టుకో. పుడ్డింగ్ గిన్నెని ఇంకో పెద్ద ట్రేలో ఉంచి, ట్రేలో సగం ఎత్తుకి వేడినీళ్లు పొయ్యి. చల్లనీళ్లు కాదు, గాజు గిన్నె అయితే అసలే కాదు. నీళ్లెందుకంటే, గుడ్డు కస్టర్డు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా గట్టిపడుతుంది, అది దాటి పోతే గుడ్డులోని ప్రొటీన్లు మరీ బిగుసుకుని లోపలున్న నీళ్లని బయటికి పిండేస్తాయి. కోసినప్పుడు చిన్నచిన్న బెజ్జాలు, అడుగున నీళ్లు కనపడితే అదే జరిగిందన్నమాట. ట్రేలో నీళ్లు ఉన్నంతసేపూ గిన్నె అంచులు 100 దాటవు కాబట్టి ఆ గండం తప్పుతుంది. మా అమ్మకి ఓవెన్ ఎక్కడిది? మందపాటి సత్తు గిన్నెలో నీళ్లుపోసి అందులో చిన్న గిన్నె పెట్టి, మూత మీద నాలుగు నిప్పులు వేసేది. రైల్వేవాళ్ల ఇంట్లో బొగ్గులు ఎక్కడివని అడక్కూడదు. పైనుంచి నిప్పులు, కింద సన్నటి సెగ, మధ్యలో మేం ముగ్గురం మూత ఎప్పుడు తీస్తుందా అని.

45 నిమిషాల తర్వాత చూడు. గిన్నె కొంచెం కదిలిస్తే అంచులు కదలకూడదు, మధ్యలో మాత్రం గడ్డ పెరుగులా ఒకసారి వణకాలి. మధ్యకి కొంచెం ఇవతల చాకు గుచ్చితే పచ్చి పాలు అంటకూడదు. అలా ఉండగానే తీసెయ్యి, బయటికొచ్చాక కూడా లోపలి వేడికి ఉడుకుతూనే ఉంటుంది. పైన ఎర్రగా రావాలంటే చివర్లో ట్రేలోంచి గిన్నె తీసి, పైన చెంచాడు పంచదార చల్లి రెండు మూడు నిమిషాలు పైసెగ పెట్టు, అయితే గాజు గిన్నె కాకూడదు, ఇక అక్కణ్ణుంచి కదలకు కూడా. ఫోను పక్కనపెట్టు.

మీ అత్తగారు గుడ్డు తినరు కదా, ఆవిడకి విడిగా చిన్న గిన్నెలో కస్టర్డ్ పౌడర్‌తో చెయ్యి. ఇదేదో రెండో రకం అనుకోకు, ఆ పౌడర్ పుట్టిందే అందుకు. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి గుడ్డు పడదని కార్న్‌ఫ్లోర్‌తో తయారుచేశాడు. అర లీటరు పాలకి రెండు పెద్ద చెంచాల పౌడర్ ముందు చల్లపాలల్లో కలిపి, పొయ్యిమీద చిక్కబడేదాకా ఉడికించి, బ్రెడ్డుమీద పోసి, పావుగంట నానాక 20 నిమిషాలు ఓవెన్‌లో పెడితే చాలు. దానికి నీళ్ల ట్రే అక్కర్లేదు. ఎవరైనా ఇది డబుల్ కా మీఠాయే కదా అంటే వాదించకు. అది బ్రెడ్డుని నేతిలో వేయించి పాకం పట్టేది, దాని రుచి దానిది, నాకూ ఇష్టమే, కానీ దీనికీ దానికీ బ్రెడ్డు తప్ప చుట్టరికం లేదు.

ఓవెన్‌లోంచి తీశాక పావుగంటైనా ఆగి కొయ్యి. ఐస్‌క్రీములూ సిరప్పులూ పెట్టకు, ఉత్తదే గోరువెచ్చగా పెట్టు. మీ అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "అమ్మమ్మ చేసినట్టే ఉందా?" అని మాత్రం అడక్కు. అలా అడిగితే ఎవరైనా లేదనాలో అవుననాలో తెలీక ఇరుకున పడతారు. తిననివ్వు, తనే ఏదో ఒకటి మొదలుపెడుతుంది, మా అమ్మ గురించో, కాలనీ గురించో, మూత తీసినందుకు నేను తిన్న దెబ్బల గురించో. అప్పుడు నువ్వు ఊఁ కొట్టు చాలు. వీలైతే ఫోన్లో రికార్డు చేసి నాకు పంపు, తను చెప్పేవాటిలో సగం నేను సరిదిద్దాలి.

మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. మర్నాడు పొద్దున ముక్కలు కోసి పెనం మీద వెన్నతో రెండు వైపులా కాల్చు, కాఫీతో బాగుంటుంది, నన్నడిగితే మొదటిరోజు కంటే అదే నాకిష్టం. అమ్మ వచ్చేలోపు ఒకసారి చిన్న గిన్నెలో చేసి చూసుకో, నీ ఓవెన్ సంగతి నీకు తెలియాలి కదా. మధ్యలో డౌటొస్తే ఫోన్ చెయ్యి, కానీ ఇక్కడ టైమెంతో చూసి చెయ్యి తల్లీ, మొన్న రాత్రి రెండింటికి నీ ఫోనొస్తే మీ పెదనాన్నకి బీపీ పెరిగింది.

మీ పెద్దమ్మ