టెలిస్కోపు లేకుండా నక్షత్రాల పరిశోధన వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్ చదువుతున్నాను. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాల మీద పరిశోధన చేయాలని ఉంది. మా కాలేజీలో టెలిస్కోపు లేదు. ఇందులో ఉద్యోగాలు ఉండవని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: టెలిస్కోపు లేదన్న దిగులు వద్దు. ఉత్తరాకాశంలోని డెల్టా సెఫై మామూలు కంటికే కనిపిస్తుంది. దాని వెలుగు మారుతోందని 1784లో గుర్తించిన జాన్ గుడ్‌రిక్‌కు అప్పటికి 20 ఏళ్లు. మీరూ పక్కనున్న జీటా, ఎప్సిలాన్ తారలతో పోల్చి రోజూ రాసుకోండి. వెలుగు చకచకా పెరిగి, మెల్లగా తగ్గుతుంది. ఈ చక్రానికి పట్టేది దాదాపు 5.37 రోజులు.

ఇదంతా నక్షత్రం ఉబ్బి కుంచించుకోవడం వల్లే. లోపలి హీలియం పొర నొక్కుకుపోయినప్పుడు ఎలక్ట్రాన్లు కోల్పోయి వేడిని బయటికి పోనివ్వదు. ఆ ఒత్తిడికి నక్షత్రం ఉబ్బుతుంది. చల్లబడ్డాక పొర వేడిని వదిలేస్తుంది, నక్షత్రం మళ్లీ కుంగుతుంది. ఇలాంటి సెఫీడ్ తారల్లో చక్రం ఎంత పొడవైతే అసలు వెలుగు అంత ఎక్కువని 1912లో హెన్రియెటా లెవిట్ చూపించారు. అసలు వెలుగు తెలిస్తే, మనకు కనిపించే వెలుగుతో పోల్చి దూరం కట్టేయొచ్చు. ఆండ్రోమెడా మరో గెలాక్సీ అని ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ తేల్చింది ఈ లెక్కతోనే.

ఇక మీరు నేర్చుకోవాల్సిన అసలు పని అంకెలతోనే. నక్షత్రాల వెలుగును కొలిచే నాసా టెస్ ఉపగ్రహం డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పైథాన్ కోడింగ్, గణాంకాలు ఇప్పుడే మొదలుపెట్టండి. ఇక్కడ మోసపోవడం తేలిక. వెలుగు మారే మరో నక్షత్రం ఆర్‌ఆర్ లైరే చక్రం సుమారు 13 గంటల 36 నిమిషాలు. రోజూ ఒకే వేళకు చూస్తే అది 4 రోజులకు పైగా ఉన్నట్టు కనిపిస్తుంది! అసలు చక్రమేదో, మన పరిశీలన వేళలు పుట్టించిన భ్రమేదో విడదీయడమే ఈ రంగంలో నైపుణ్యం. ఆ తలనొప్పి మీకు సరదాగా అనిపించకపోతే ఈ దారి వద్దనే చెబుతాను.

ఇంట్లో వాళ్ల భయం ఉత్తిది కాదు. పీహెచ్‌డీ తర్వాత శాశ్వత ఉద్యోగాలు తక్కువే, పోటీ ఎక్కువ. కాకపోతే కాలంతో మారే డేటాను విశ్లేషించడం వచ్చినవాళ్లు యంత్రాల పర్యవేక్షణ, వాతావరణం, ఆర్థిక రంగాల్లోకీ వెళ్లగలరు. కాబట్టి కోడింగ్‌ను పక్క సబ్జెక్టుగా చూడకండి.

ప్రాజెక్టు కోసం ప్రొఫెసర్లకు రాసేటప్పుడు ఆసక్తి గురించి పేరాలు వద్దు. ఒక్క నక్షత్రానికి మీరే గీసిన లైట్ కర్వ్ (కాలంతో వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్) జతచేయండి, లెక్కకు లొంగని బిందువులు చెరిపేయకుండా.