అమ్మానాన్నలను టాక్సు రిటర్నులో చూపించవచ్చా?

డాలస్‌కు ఈ మధ్యే వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న ఇది. నెలనెలా ఊరికి డబ్బు పంపుతాడు, తల్లిదండ్రులకు వేరే ఆధారం లేదు. భార్య, ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే హెచ్‌4 వీసా మీద ఇక్కడే ఉంది. గుంటూరులో పుట్టిన మూడేళ్ళ పాప కూడా ఇక్కడే. వీళ్ళలో ఎవరెవరిని డిపెండెంట్లుగా, అంటే తన పోషణలో ఉన్నవాళ్ళుగా, రాయవచ్చు?

ముందు అమ్మానాన్నల సంగతి. రాయకూడదు. డిపెండెంటు అయ్యే మనిషి అమెరికా పౌరుడో, పన్ను లెక్కల ప్రకారం ఇక్కడి రెసిడెంటో, కెనడా, మెక్సికోలలో నివసించేవాడో అయి ఉండాలి. తెనాలి, నరసరావుపేట ఆ జాబితాలో లేవు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వారి 501వ నంబరు పుస్తకంలో అంతా ఉంది, తీరికగా చదువుకోండి.

కొత్తలో నేనూ చదవలేదు. రిఫండు ఎంత వస్తుందన్నదే ధ్యాస. 2016లో ఒక్కో డిపెండెంటుకు 4,050 డాలర్ల ఆదాయం మీద పన్ను ఉండేది కాదు. ఇద్దరికీ కలిపి 8,100. మనవాళ్ళకు రిటర్నులు వేసిపెట్టే ఒకాయన "అందరూ రాస్తున్నారండీ" అన్నాడు. అంతే, రాబోయే రిఫండును లెక్కగట్టి, పొలంలో బోరు వేయించమని నాన్నగారికి ఫోను చేసి చెప్పేశాను. ఫారం నింపే రోజున వాళ్ళ నంబర్లు అడిగారు. ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదు, అది రానివాళ్ళకు పన్నుల శాఖ ఇచ్చే ఐటిన్ నంబరూ లేదు, ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెచ్చుకునే దారీ లేదు. ఊళ్ళో బోరు అప్పటికే పడింది, నీళ్ళూ పడ్డాయి. ఇక్కడ నేను క్రెడిట్ కార్డు వడ్డీ కట్టుకుంటూ కూర్చున్నాను. కట్టేశాను లెండి, ఎవరి దగ్గరా చేయి చాపలేదు.

ఇప్పుడు ఇంకో తెలివి బయలుదేరింది. పెద్దవాళ్ళను విజిటర్ వీసా మీద పిలిపించి, 183 రోజులు ఇక్కడే ఉంచి, ఆ లెక్కలో రెసిడెంట్లను చేద్దామంటారు. 2018 నుంచి ఆ పాత మినహాయింపు సున్నా. నిబంధనలన్నీ కుదిరినా మిగిలేది మనిషికి 500 డాలర్ల క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపు. రెండు విమాన టికెట్లు, విజిటర్ ఇన్సూరెన్సు ఎంతవుతాయో ఒకసారి కూడి చూడండి. మనవడిని చూడటానికి రప్పించండి, బాగుంటుంది. టాక్సు కోసం మాత్రం వద్దు.

భార్య ఎన్నటికీ డిపెండెంటు కాదు. ఆవిడతో కలిపి జాయింటుగా వేయాలి. అసలు డబ్బు ఉన్నది అక్కడే: 2025 సంవత్సరానికి ఒంటరిగా వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా తీసేసే ఆదాయం) 15,750 డాలర్లు, జాయింటుగా వేస్తే 31,500. ఏడాది మధ్యలో వచ్చినవాళ్ళకు కొన్ని మెలికలున్నాయి, సీపీయేను, అంటే ఇక్కడి ఆడిటరును, అడగండి.

హెచ్‌4 వాళ్ళకు మామూలుగా ఎస్ఎస్ఎన్ ఉండదు కాబట్టి రిటర్నుతో పాటు డబ్ల్యూ-7 ఫారం పెట్టి ఐటిన్ తీసుకోవాలి. పాస్‌పోర్టును సరిచూసి ధ్రువీకరించే ఏజెంట్లు ఉంటారు. ఆ ఫీజు దండగనుకుని మా ఆవిడ అసలు పాస్‌పోర్టునే పోస్టులో పంపాను. అది తిరిగి వచ్చేలోగా మా బావమరిది పెళ్ళి అయిపోయింది. విమాన టికెట్టు రద్దు చేసుకుంటే పోయిన సొమ్ముతో ఎందరు ఏజెంట్లకు ఫీజు కట్టవచ్చో! తమ్ముడి పెళ్ళి చూడలేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది. నాకు ఆ టికెట్టు ధరే గుర్తుంది.

పాప మీతోనే ఉంది కాబట్టి తనను రాయవచ్చు, తనకూ ఐటిన్ కావాలి. అయితే 500 డాలర్లే వస్తాయి. పూర్తి చైల్డ్ టాక్స్ క్రెడిట్, అంటే 2025కు 2,200, రావాలంటే బిడ్డకు ఉద్యోగానికి చెల్లే ఎస్ఎస్ఎన్ ఉండాలి. మా పెద్దది విజయవాడలో పుట్టింది, చిన్నది ఇక్కడ. 2018 రిటర్నులో చిన్నదానికి 2,000, పెద్దదానికి 500. బడి ఫీజుల్లో, బూట్లలో మాత్రం పెద్దదే ఎక్కువ ఖర్చు. డబ్ల్యూ-7ను గడువు తేదీ లోపలే పంపండి. ఆలస్యమైతే ఆ 500 కూడా ఉండదు.

ఊరికి పంపే డబ్బు పంపుతూనే ఉండండి, అందులో పైసా కూడా ఇక్కడి పన్నులో తగ్గదని నెల ఖర్చు లెక్కలోనే రాసుకోండి. పంపేది బ్యాంకు ఖాతా నుంచి పంపండి. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డరు ఇచ్చి విదేశాలకు పంపితే ఒక శాతం పన్ను పడుతుంది.