నెత్తి నొస్తుందా, తల నొస్తుందా?

సందేహం: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా ఇండ్లలో ‘నెత్తి నొస్తుంది’, ‘నెత్తి దువ్వుకో’ అంటాము. నెత్తి అంటే నడితల మాత్రమేననీ, తలనంతటినీ నెత్తి అనడం తప్పనీ మా పిల్లలకు బడిలో చెప్పారు. నిజమేనా?

సమాధానం: మీ వాడుక తప్పు కాదు. నెత్తి అచ్చమైన ద్రావిడ పదం. తమిళంలో ‘నెఱ్ఱి’ అంటే నుదురు, కన్నడంలో ‘నెత్తి’ అంటే నడితల. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటిని తెలుగు నెత్తితో కలిపి ఒకే కుదురు కింద చూపింది. తమిళ ‘పుఱ్ఱు’ తెలుగులో పుట్ట, కన్నడంలో హుత్త. తమిళ ‘చుఱ్ఱు’ తెలుగులో చుట్టు, కన్నడంలో సుత్తు. ఈ లెక్కన తెలుగులో ‘నెట్టి’ కావలసిన మాట కన్నడ తోవన నడిచి నెత్తి కావడం నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది. నెత్తురుతో దీనికి చుట్టరికం లేదు; అది తమిళ ‘నెయ్‌త్తోర్’కు జత.

నుదురు, నడితల, తల అనే మూడు అర్థాలూ పక్కపక్కనే ఉన్నవి కనుక, ఒక భాగం పేరు మొత్తానికి పాకడం సహజం. నెత్తి అంటే నడితల మాత్రమే అయితే, ‘పొద్దు నడినెత్తికొచ్చింది’ అనేటప్పుడు మళ్లీ ‘నడి’ చేర్చవలసిన పని ఏమున్నది? ‘నెత్తీ నోరూ బాదుకొను’ అనే పలుకుబడి తెలుగువారందరిదీ. అందులోనూ నెత్తి తలే. పొద్దున అరుగు మీద కూర్చొని ‘నెత్తి దువ్వుత రావే’ అని బిడ్డను పిలిచిన తల్లి, పాపిట తీసి చెవుల వెనక చిక్కులు విడదీసి జడ కొస దాకా దువ్వుతుంది కాని నడితల దగ్గర ఆగదు. బడిలో చెప్పిన అర్థమూ నిఘంటువులలో ఉన్నదే, అయితే ఆ మాటకు అదొక్కటే అర్థం కాదు.

అట్లాగని నల్లగొండ, పాలమూరు పల్లెలు ‘తల’ను వదులుకోలేదు. నన్నయ నాటికే కావ్యభాషలో స్థిరపడిన ఆ మాట మన దగ్గర సమాసాలలో గట్టిగా నిలిచి ఉన్నది: పడుకున్నప్పుడు చెంబు పెట్టుకునేది తలాపున, పెండ్లిలో పోసేవి తలంబ్రాలు (ప్రాలు అంటే బియ్యం), కొడుకు పెట్టేది తలకొరివి. యాటను కోసిన నాడు వండేది కూడా తలకాయ కూరే. దానిని నెత్తి కూర అన్నవారిని నేను ఎన్నడూ వినలేదు.