ఊడ్చిన చోటే ఆగవలసింది

విజయనగరం

అమ్మాయీ,

నీ కథ అందింది. ఇరవై రెండేళ్ళని రాశావు కనుక 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు. నాలుగు పేజీల కథకు రెండు పేజీల ఉత్తరం జతచేసి ఆరు ప్రశ్నలు అడిగావు. అన్నిటికీ జవాబు రాసే ఓపిక నాకు లేదు. కలం పేరు సంగతి మీ ఇంట్లోనే తేల్చుకో.

ముందు నా కోపం చెప్పనీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. నీ కథ ఆ మరునాటిది. పెరట్లో కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా పడి ఉంది. నాయనమ్మ రోజూ లేచినట్టే లేచి, చీపురు తీసుకుని, ఆ చెట్టు చుట్టూ ఊడ్చింది. మాను అడ్డం వచ్చిన చోట ఆగి, చుట్టు తిరిగి అవతలికి వెళ్ళి మళ్ళీ ఊడ్చింది. అక్కడికి వచ్చేసరికి నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. మళ్ళీ పెట్టుకుని చూస్తే తరువాతి వాక్యం: 'ఆ దృశ్యం ఎంతో విషాదభరితంగా, హృదయవిదారకంగా ఉంది.' ఎవరమ్మా నిన్ను అడిగింది? చీపురు పట్టుకున్న ఆవిడ నోరు విప్పలేదు. ఆవిడ బదులు నువ్వు శోకాలు పెట్టావు.

అంతటితో ఊరుకున్నావా? పెన్సిలు తీసి లెక్కపెట్టాను. 'ఆవేదనగా అన్నాడు', 'నిర్వేదంగా అంది', 'ఉద్విగ్నంగా అడిగాడు'. ఇలాంటివి పంతొమ్మిది తేలాయి. పైగా ఉత్తరంలో, కథ స్వరాన్నీ వాతావరణాన్నీ వర్ణించే పదాల పట్టిక ఉంటే పంపమన్నావు. ఉప్పెక్కువైన పులుసులోకి ఇంకో గుప్పెడు ఉప్పు అడుగుతున్నావు.

పట్టికే కావాలంటే నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎప్పుడో ఇచ్చాడు. మనసులో నిలిచి ఉండే స్థాయీభావాలు 8, వచ్చిపోయే వ్యభిచారీ భావాలు 33, ఒంటి మీద కనిపించే సాత్త్విక భావాలు 8, మొత్తం 49. నిర్వేదం, గ్లాని, శంక, అసూయ, నీకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. కానీ నాట్యశాస్త్రంలో ఆ పట్టిక ప్రదర్శన కోసం. లోపల ఉన్నదేమిటో తెలుసుకుని, కన్నీరో, గొంతు మారడమో, ఒళ్ళు కొయ్యబారడమో నటుడు చూపించాలి. రంగం మీదకు వచ్చి 'నేనిప్పుడు నిర్వేదంలో ఉన్నాను' అంటే జనం ఈలలు వేస్తారు. తరువాతి కాలంలో ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలు, అంటే రసాన్ని చెడగొట్టే తప్పులు, చెబుతూ మొదట పట్టుకున్నది ఈ తప్పునే: భావాన్నీ రసాన్నీ వాటి పేర్లతోనే చెప్పేయడం. ముసలాయన చాదస్తం అనుకుంటావేమో, ఈ చాదస్తానికి సుమారు వెయ్యేళ్ళు.

మరి ఆ పదాలు తెలియనక్కరలేదా అంటే, తెలియాలి. ఇప్పుడు నీకు తెలిసినదానికి పది రెట్లు తెలియాలి. స్వరం అంటే చెప్పేవాడి వైఖరి: నవ్వుతూ చెబుతున్నాడా, కసిగానా, ఎటూ మొగ్గకుండానా. వాతావరణం చదివేవాడిని కమ్ముకునేది. రెండూ ఒకటే కానక్కరలేదు. మీ నాయనమ్మ సంగతి ఏ చుట్టమో నవ్వుతూ చెప్పాడనుకో, చదివేవాడికి గుబులు ఇంకా పెరుగుతుంది. ఇదంతా రాసే ముందు నీకు తేలాలి. తేలకపోతేనే 'ఆవేదనగా' అనే ఊతకర్ర కావలసి వస్తుంది.

నా పెళ్ళైన కొత్తలో, మిల్లు నుంచి వచ్చి అన్నం తిన్నాక వంటింటి దీపం కింద రాసుకునేవాణ్ణి. ఒక కథలో తల్లి కొడుకుతో, 'నీకు తీరిక ఎక్కడిది నాయనా, పెద్దవాడివయ్యావు' అంటుంది. 'వ్యంగ్యంగా అంది' అని రాసి మా ఆవిడకు వినిపించాను. ఆవిడ గిన్నెలు బోర్లిస్తూ, 'వ్యంగ్యం ఎందుకవుతుంది? అది నిష్టూరం' అంది. నేను నిఘంటువు కోసం లేవబోతే, 'పుస్తకం దేనికి? వెటకారం దారిన పోయేవాణ్ణి కూడా చేయవచ్చు. నిష్టూరం అయినవాళ్ళతోనే ఆడతారు' అంది. ఆ రాత్రి కథ మొత్తం చింపి మళ్ళీ రాశాను. కొడుకు గుమ్మంలో నిలబడి ఉండగా, తల్లి వాడి కంచం ముందే వేసి పెట్టి ఆ మాట అంటుంది. 'నిష్టూరంగా' అన్న మాట ఎక్కడా లేదు.

అప్పటినుంచి ఇదే నా పిచ్చి. దెప్పిపొడుపుకు పాత బాకీ ఏదో ఉండాలి, ఎప్పుడో చేసిన ఉపకారమో ఎప్పుడో జరిగిన తప్పో. ఎత్తిపొడుపుకు ఎదుటివాడి లోపం ఒక్కటి చాలు. ఎకసెక్కం చేసేవాడికి పక్కన నవ్వేవాళ్ళు కావాలి. గొణుగుడు ఎవరికీ వినబడకూడదని, సణుగుడు వినబడాలని. బెంగ మనిషి మీదో ఊరి మీదో పెట్టుకుంటారు. అప్పు తీరదని ఉండేది దిగులు. గుబులు ఇంకా రానిదాని గురించి. నువ్వు మూడింటికీ 'విషాదం' అనే రాశావు.

ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండడానికి కారణం ఉంది. నా తొలి కథలో 'దిగులు' ఉన్న చోటల్లా కొట్టేసి ఒక వారపత్రిక సంపాదకుడు 'విషాదం' చేసి అచ్చువేశారు. దిగులు పల్లెటూరి మాటట! ఇంకొకాయన 'వేదన కాస్త పెంచి పంపండి' అని కార్డు రాశారు. వేదన ఏమైనా జీతమా, అడిగితే పెంచడానికి? ఆ కథ ఏడు పత్రికలు తిరిగింది, తిరుగు తపాలా బిళ్ళలు నావే. ఇప్పటి సమీక్షకులకు ప్రతి పుస్తకమూ 'ఆర్ద్రం'. ఆర్ద్రం అంటే తడి. ఇన్ని పుస్తకాలు తడిస్తే బీరువాలకు చెద పట్టదా?

మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల మాటలు వాళ్ళ నోటివెంటే విని నేర్చుకుని, వాళ్ళ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. నువ్వు పలాస నుంచి శ్రీకాకుళం బస్సెక్కి, కండక్టరుతో చిల్లర తగువు మొదటినుంచి చివరిదాకా విను. బతిమాలడం, దబాయించడం, పక్కవాణ్ణి సాక్ష్యం పిలవడం, చివరికి దిగుతూ విసిరే ఒక మాట. దిగాక కథానిలయానికి వెళ్ళు. 1997లో కథకులు కాళీపట్నం రామారావుగారు నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం అది. ఒక పాత సంచిక తీసి, 'అన్నాడు'కు ముందు ఏముందో చూడు.

పూర్తిగా మానేయమనడం లేదు. 'చాలా బాగుంది' అన్న మాట మెప్పో విరుపో సందర్భం వల్ల తేలకపోతే, అప్పుడు ఒక్క మాట తగిలించు. నేనూ తగిలిస్తాను.

కథ తిప్పి పంపుతున్నాను. ఇంకొక్క సంగతి. 'చీపురు' అని ఊరుకున్నావు. పెరడు ఊడ్చేది ఈనెల చీపురు. ఆ ఈనెలు ఆ చెట్టువేనా? మీ నాయనమ్మను అడిగి రాయి.