పాపకు, ఓటర్ల జాబితా సంగతి

కొర్లగుంట,
తిరుపతి.

చిరంజీవి పాపకు పెద్దనాయన దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసినాడు. రేణిగుంట ఫ్యాక్టరీలో మీ యూనియన్ బ్రాంచికి కార్యదర్శిగా నిలబడుతున్నావంట. మొదట్నుంచీ మగవాళ్లే కూర్చున్న కుర్చీ అది. మీ పెద్దమ్మ ఆ మాట విని వీధిలో నాలుగిళ్లకు చెప్పొచ్చింది. నేనూ మురిసిపోయినా. ఆ మురిపెం తీరకముందే మీ నాయన ఇంకో మాట అన్నాడు: "ఓటర్ల లిస్టు కూడా మా పాపే రాస్తా ఉంది, దస్తూరి బాగుందని అందరూ ఆమె చేతికే ఇచ్చినారు." దాంతో నా నిద్ర పోయింది.

ఆ జాబితా పుస్తకం రేపు షిఫ్టుకు పోయేటప్పుడే తీసుకుపోయి ఇచ్చేయ్. పోటీ చేసే మనిషి చేతిలో జాబితా ఉండకూడదు. నువ్వు ఒక్క పేరు కూడా అటూ ఇటూ చెయ్యవని నాకు తెలుసు. రేపు ఓడిపోయేవాళ్లకు ఆ సంగతి తెలియదు గదా. ఎవరికో ఒకరికి చేత్తో ఇచ్చేసి రావడం గాదు. ఎన్నికల అధికారిని పెట్టమని అడుగు. పోటీలో లేనివాడు, ఎవరి నామినేషన్ మీదా సంతకం పెట్టనివాడు, ఇంకో బ్రాంచి మనిషి అయితే మరీ మంచిది. సర్వసభ్య సమావేశంలో గానీ కార్యవర్గంలో గానీ తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, ఆయన సంతకం తీసుకుని అప్పుడు పుస్తకం అప్పగించండి. సాయానికి ఇద్దరు చాలు.

మీ యూనియన్ నియమావళి ఒక ప్రతి తెప్పించుకో. బ్రాంచికి వేరే రిజిస్ట్రేషన్ ఉండదు, పెద్ద యూనియన్ నియమావళే మీకూ వర్తిస్తుంది. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, చందా ఎన్ని నెలలు బాకీ పడితే ఓటు పోతుంది, సమాన ఓట్లొస్తే ఏం చెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. పదవీకాలం మూడేళ్లకు మించకూడదని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోనూ ఉండేది, దాని స్థానంలో తెచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. ఆఫీసు బేరరుకు, అంటే యూనియన్ పదవిలో ఉండే మనిషికి, పద్దెనిమిదేళ్లు నిండాలి. మీలాంటి ఫ్యాక్టరీ యూనియన్లో అయితే బయటివాళ్లు, అంటే ఆ పనిలో లేనివాళ్లు, మొత్తం పదవుల్లో మూడో వంతుకు గానీ ఐదుగురికి గానీ, ఏది తక్కువైతే దానికి మించి ఉండకూడదు. ఇంకొకటి, కుర్రాళ్లు కలిపేస్తుంటారు కాబట్టి చెప్తున్నా: మేనేజ్‌మెంట్ ఏ యూనియన్‌తో మాట్లాడాలో తేల్చే గుర్తింపు ఎన్నిక వేరు, దాంట్లో అన్ని యూనియన్ల వాళ్లూ ఓటేస్తారు. ఇది మీ ఇంటి లోపలి ఎన్నిక. కంపెనీకి ఇందులో ఏ పాత్రా లేదు. హెచ్‌ఆర్ వాళ్లు "మా క్యాంటీన్‌లో పెట్టుకోండి, బల్లలు వేయిస్తాం" అంటే దండం పెట్టి వద్దను.

నోటీసు గేటు బోర్డు మీద అతికించి, తేదీ కనబడేట్టు ఫోటో తీసుకోండి. రోజులు లెక్క కట్టేటప్పుడు నోటీసు పెట్టిన రోజునూ ఓటింగు రోజునూ వదిలేయండి. నామినేషన్‌కు ప్రతిపాదించేవాళ్లు ఒకరు, బలపరిచేవాళ్లు ఒకరు, నిలబడే మనిషి ఒప్పుకోలు సంతకం. ఉపసంహరణ నోటి మాటతో కుదరదు, కాగితం మీదే ఉండాలి. ఒకే నామినేషన్ మిగిలితే ఏకగ్రీవమే, అయినా గడువు ముగిసిన గంట రాసి, పరిశీలన జరిగిందని రాసి ప్రకటించాలి. "అందరం అనుకున్నాం" అంటే చెల్లదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రోంత ఓపికగా చదువు.

శానా ఏళ్ల కిందట ఒక బ్రాంచిలో జరిగింది. ఏ బ్రాంచో నీకు అక్కర్లేదు. నియమావళిలో మూడు నెలలు చందా బాకీ ఉంటే ఓటు లేదని ఉంది. బాకీ ఏ తేదీకి చూడాలో మాత్రం లేదు. నోటీసు రాసినవాళ్లు కూడా ఆ తేదీ వెయ్యలేదు. అందరికీ తెలిసిందే గదా అనుకున్నారు. ఓటింగు రోజు పొద్దున పదకొండు మంది వచ్చి పాత బాకీ కట్టినారు. కోశాధికారి మంచివాడే. చందా వస్తుంటే వద్దనే కోశాధికారి ఎవరు? అప్పుడే తెరిచిన రసీదు పుస్తకంలోంచి రసీదులు చించి ఇచ్చినాడు. ఆ పుస్తకానికి వరస నంబర్లు కూడా లేవు. రసీదు చూపిస్తే ఓటు చీటీ ఇచ్చినారు, చీటీలు పెట్టెలో పడినాయి. సాయంత్రం లెక్కిస్తే కార్యదర్శి పదవి నాలుగు ఓట్ల తేడాతో తేలింది.

పదకొండు కన్నా నాలుగు చిన్నది పాపా. గొడవంతా అక్కడే పుట్టింది. ఆ పదకొండు చీటీలు ఏవో పెట్టె తెరిచినాక ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగితే అది రహస్య ఓటే కాదు. తీసెయ్యడానికి లేదు, ఉంచుకోవడానికీ లేదు. ఓడినవాళ్లు మళ్లీ లెక్కించమన్నారు. అప్పటికే గెలిచినవాళ్లు చీటీల మూట పొయ్యిలో పెట్టేసినారు, ఇంకెందుకులే అని. మోసం చేద్దామని కాదు, అజ్ఞానం. పది రోజులకు రెండో వర్గం వేరే సమావేశం పెట్టి వేరే కమిటీని ఎన్నుకుంది. ఇద్దరు కార్యదర్శులు, రెండు రబ్బరు స్టాంపులు. రెండు కమిటీల పేర్లూ కార్మిక శాఖకు పోయినాయి. సంతకాలు ఎవరివో తేలక బ్యాంకు వాళ్లు ఖాతా ఆపేసినారు. జీతాల ఒప్పందం ముగిసే సమయమది. మేనేజ్‌మెంట్ తాపీగా, "మీలో ఎవరితో మాట్లాడాలో మీరే తేల్చుకుని రండి" అనింది. తేల్చుకునేసరికి పద్నాలుగు నెలలు. ఆ పదకొండు మందిలో ఒక్కడూ దొంగ సభ్యుడు కాదు, అందరూ ఆ గేటులో చెమటోడ్చినవాళ్లే. ఒక తేదీ రాయకపోవడం వల్ల ఇంత.

అందుకే అర్హత తేదీ నోటీసులోనే రాయించు. ఎన్నిక జరిగే నెలకు ముందు నెల ఆఖరి రోజు పెట్టుకుంటే లెక్క సులువు. ఆ సాయంత్రం కోశాధికారి, ఎన్నికల అధికారి కూర్చుని, ప్రతి రసీదు పుస్తకంలో చివరి రసీదు కింద అడ్డగీత గీసి, నంబరు రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. గీత కింద కట్టిన చందా తీసుకోండి, ఆ డబ్బుకు సభ్యత్వం ఉంటుంది, ఈసారి ఓటు ఉండదు. తర్వాత జాబితా గేటు దగ్గర, మీ ఆఫీసులో అతికించి అభ్యంతరాలకు ఏడు రోజులు ఇవ్వండి. అభ్యంతరం కాగితం మీద, జవాబూ కాగితం మీద. ఆ తర్వాత జాబితాలో అక్షరం కూడా కదలకూడదు.

ఇక్కడ నువ్వు గట్టిగా అడగాల్సింది ఒకటుంది. మీ దగ్గర చందా జీతంలోంచే కోస్తారు గదా. ఈఎస్‌ఐ బీమా కింద ప్రసూతి సెలవులో ఉన్న అమ్మాయికి, జబ్బు సెలవులో ఉన్నవాడికి ఆ నెలల్లో కంపెనీ జీతం పడదు, కాబట్టి చందా కోత ఉండదు, పుస్తకంలో బాకీదారుగా కనబడతారు. పిల్లను కన్నందుకు ఓటు పోవడమేంటి? అర్హత తేదీకి ముందే వాళ్ల ఇళ్లకు కబురంపి చేతి రసీదు మీద కట్టించుకోమని అధికారికి రాసివ్వు. నీ వర్గం వాళ్లకే గాక అందరికీ.

అంత చేసినా ఓటింగు రోజు ఎవరో ఒకరు నా పేరు లేదని వస్తారు. తరిమెయ్యొద్దు, గుంపులోకీ కలపొద్దు. చీటీ ఇచ్చి, ఓటేసినాక ఖాళీ కవరులో పెట్టి అంటించి, దాన్ని ఇంకో కవరులో పెట్టి, పై కవరు మీద పేరు, ఫ్యాక్టరీ టోకెన్ నంబరు, అభ్యంతరం రాసి విడిగా ఉంచాలి. తేడా ఆ కవర్ల సంఖ్య కన్నా ఎక్కువైతే వాటిని తెరవాల్సిన పనే లేదు. సమానమైనా, తక్కువైనా ముందు ఒక్కొక్కరి అర్హత తేల్చి, అర్హులైన వాళ్ల లోపలి కవర్లు మాత్రం కలిపేసి అప్పుడు విప్పాలి. ఆ రోజు ఈ పని చేసి ఉంటే గొడవే లేదు.

తేదీ ఎంచుకునేటప్పుడు పంచాంగం చూడండి. గంగమ్మ జాతర వారంలో తిరుపతి వాళ్లు దొరకరు, ఆడికృత్తికకు పుత్తూరు, నగరి వైపు వాళ్లు కావళ్లెత్తుకుని తిరుత్తణి పోతారు. మీకు ఆరు, రెండు, పది గంటల షిఫ్టులు గదా. తెల్లవారి ఐదున్నర నుంచి మధ్యాహ్నం మూడు వరకు పెట్టె ఉంటే మూడు షిఫ్టుల వాళ్లకూ అందుతుంది, పెట్టె రాత్రి ఎక్కడా నిద్ర చెయ్యదు. రాత్రి నిద్ర చేసిన పెట్టె మీద ఎవరికీ నమ్మకం ఉండదు. ఆడవాళ్లు కంపెనీ బస్సు పోతుందని ఆగరు, వాళ్లకు వేరే వరస పెట్టించు.

చీటీలో పేర్లు అక్షర క్రమంలో, పక్కన గుర్తు. మీలో తమిళమే చదివేవాళ్లున్నారు, ఒడిశా పిల్లలున్నారు, గుర్తు లేకపోతే వాళ్లు చూపించి అడుగుతారు, రహస్యం పోతుంది. గొడుగు, కుండ, గంట, ఏవైనా పెట్టండి. సైకిలు, ఫ్యాను, గాజు గ్లాసు వద్దు. ఎందుకో నీకు చెప్పాలా? 240 మంది ఓటర్లుంటే 250 చీటీలు చాలు. నంబరు, చీటీ చించినాక పుస్తకంలో మిగిలే కౌంటర్‌ఫాయిల్ మీదే వెయ్యండి, చీటీ మీద వద్దు. చీటీ వెనక అధికారి పొడి సంతకం ఉండాలి. ఓటరు సంతకం జాబితాలో మాత్రమే. పెట్టె మూసేముందు ఖాళీ అని అందరికీ చూపించాలి. సాయంత్రం వాడినవి, చెడినవి, మిగిలినవి కలిపితే 250 రావాలి. ఒక్కటి తగ్గినా ఎందుకో రాసుకున్నాకే పెట్టె విప్పాలి. ఇరవై ఐదు చొప్పున కట్టలు కట్టి, అనుమానం చీటీలు పక్కన పెట్టి, పోటీ చేసేవాళ్ల ఏజెంట్లందరూ చూసినాక తేల్చండి. ఓటరు పేరు గానీ సంతకం గానీ ఉన్న చీటీ చెల్లదు. లెక్క అయినాక చీటీలు మూటకట్టి లక్కతో ముద్ర వేసి ఏడాది ఉంచండి. పొయ్యిలో పెట్టొద్దు!

నీ ఫోటోతో ఫ్లెక్సీ వేయించినారంట. దండగ. ఆ డబ్బుతో టీలు తాగిపించినా నలుగురు మాట్లాడేవాళ్లు.

గెలిస్తే మొదటి వారంలోనే పాత కమిటీ నుంచి నగదు పుస్తకం, పాస్‌బుక్, రసీదు పుస్తకాలు నంబర్లతో సహా, స్టాంపు లెక్కపెట్టి తీసుకుని సంతకం చెయ్. లెక్కపెట్టకుండా సంతకం చేసినావంటే పాత లోటు నీ మెడకు చుట్టుకుంటుంది. తీర్మానం నకలుతో బ్యాంకులో సంతకాలు మార్చించు. పెద్ద యూనియన్‌కు కొత్త కమిటీ జాబితా పంపించు, కార్మిక శాఖకు వాళ్లు తెలుపుతారు. మేనేజ్‌మెంట్‌కు లేఖ ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకో. దాంతోపాటు రక్షిత కార్మికుల జాబితా కూడా అడగాలి. మొత్తం కార్మికుల్లో ఒక శాతం, ఐదుగురికి తగ్గకుండా, నూరు మందికి మించకుండా ఆఫీసు బేరర్లకు ఆ గుర్తింపు వస్తుంది. వివాదం నడుస్తున్నప్పుడు ముందస్తు అనుమతి లేకుండా వాళ్లను పనిలోంచి తీసెయ్యడానికి లేదు. కార్యదర్శి పేరు అందులో మొదట ఉండాలి. మీ నాయనకు నీ పెళ్లి బెంగ, నాకు ఈ కాగితం బెంగ.

ఓడిపోతే ఫలితం కాగితం మీద నీ సంతకం కూడా పెట్టి, అందరితో పాటు భోంచేసి ఇంటికి రా.

మా అటక మీద పాత ఓట్ల పెట్టె ఉంది, రేకుది, రెండు తాళాలు పట్టేది. ఒక కొండీ ఊగుతోంది, వెల్డింగు చేయించాలి. లక్క కడ్డీలు కూడా ఆ పక్కనే సంచిలో ఉన్నాయి. నువ్వు రావద్దు. మీ ఎన్నికల అధికారిని ఆదివారం పంపించు, ఆయన చేతికే ఇస్తాను.

మీ
పెద్దనాయన