పాత 'హుక్డ్ ఆన్ క్లాసిక్స్' ఎల్పీ కొనొచ్చా?

పాత సామాన్ల కొట్లో 'హుక్డ్ ఆన్ క్లాసిక్స్' రికార్డు కనిపించింది, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినడం మొదలుపెట్టడానికి పనికొస్తుందా అని అడిగారు.

పనికొస్తుందండీ, కాకపోతే చవగ్గా ఇస్తేనే తీసుకోండి. 1981లో వచ్చి లక్షల్లో అమ్ముడుపోయిన ఆల్బం ఇది, అరుదైన సరుకేం కాదు. 'వింటేజ్' అని పేరు పెట్టి రేటు పెంచితే నవ్వేసి వచ్చేయండి.

నేను దీన్ని మొదట మా మేనమామ క్యాసెట్‌లో విన్నాను, రికార్డు చాలా ఏళ్ల తర్వాత కొనుక్కున్నాను. అప్పట్లో యూరప్‌లో హిట్ పాటల ముక్కల్ని ఒకే డిస్కో దరువు మీద వరసగా కుట్టేసే మెడ్లీల వెర్రి మంచి ఊపులో ఉంది. ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా అనే బ్రిటిష్ రాక్ బృందానికి అరేంజర్‌గా (ఏ వాయిద్యం ఏం వాయించాలో రాసిపెట్టేవాడిగా) పనిచేసిన లూయిస్ క్లార్క్ అదే పని చైకోవ్‌స్కీ, మోజార్ట్, హాండెల్ లాంటి పాత శాస్త్రీయ స్వరకర్తల రచనలకి చేశాడు. మొదటి మెడ్లీ బ్రిటన్ సింగిల్స్ చార్టులో 2వ స్థానం దాకా ఎక్కింది. వాయించింది థామస్ బీచమ్ అనే బ్రిటిష్ కండక్టర్ 1946లో పెట్టిన రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా. వాయించడంలో వంక పెట్టడానికేం లేదు.

వంకల్లా ఆ డ్రమ్ముతోనే. మోజార్ట్ 40వ సింఫనీ (1788) అసలుది పెట్టి చూడండి. ముందు వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్దవి) లోగొంతుకతో ఏదో గొణుగుతుంటాయి, ఆ మరుక్షణమే వయొలిన్లు మెల్లిగా ట్యూన్ ఎత్తుకుంటాయి. కంగారంతా ఆ గొణుగుడులోనే ఉంది. ఈ రికార్డులో దాని నెత్తిన దబదబా దరువు పడుతుంది. ట్యూన్ మిగులుతుంది, కంగారు పోతుంది. చెవికి పట్టేలోపే తర్వాతి ముక్క వచ్చేస్తుంది కూడా. వినగానే 'ఎక్కడో విన్నామే' అనిపిస్తే ఆశ్చర్యం లేదు. సలీల్ చౌధురి 1961లో 'ఛాయా' హిందీ సినిమాకి 'ఇత్‌నా న ముఝ్‌సే తూ ప్యార్ బఢా' కట్టింది ఈ ట్యూన్ మీదే. నా ఓటు సలీల్ చౌధురికే. ఆయన ముక్క తీసుకుని దాన్ని పాటగా పెంచాడు, క్లార్క్ పక్కపక్కన అతికించాడంతే.

అయినా ఆ అతుకులే నాకు దారి చూపించాయి. నచ్చిన ముక్క దగ్గర ఆపి, అది ఎవరిదో వెతికి, అసలుది మొత్తం వినేవాణ్ణి. నార్వే స్వరకర్త గ్రీగ్ పియానో కాన్చెర్టో (పియానో ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) నాకు అలాగే దొరికింది. ముందు టింపనీ అనే పెద్ద డ్రమ్ము ఉరుముతుంది, వెంటనే పియానో పైస్థాయి నుంచి కిందకి దూకుతుంది. దాదాపు అరగంట రచన, మెడ్లీలో దక్కేది కొన్ని సెకన్లు. మీరూ అలాగే వినండి. వరసపెట్టి రెండు వైపులా వింటే తలనొప్పి ఖాయం.

కొనేముందు రికార్డుని వెలుతురులో వాలుగా పట్టుకుని చూడండి. సన్న గీతలుంటే పర్లేదు, గోటికి తగిలే గీత ఉంటే వదిలేయండి. పార్టీల్లో బాగా తిరిగిన సరుకు కాబట్టి మొదటి మెడ్లీ ఉన్న వైపే ఎక్కువ అరిగి ఉంటుంది. కొట్లో ప్లేయర్ ఉంటే ఆ వైపే పెట్టించి వినండి.